1323 తర్వాత కూడా ఊరు ఉన్నది

నా అడుగు పొడుగు 27 అంగుళాలు. ఏడో తరగతి పిల్లలకు కొలతలు చెప్పేటప్పుడు బడి వరండాలో టేపు పరిచి, ఇరవై సార్లు అటూ ఇటూ నడిచి, సగటు తీసి తేల్చిన లెక్క ఇది. అప్పటి నుంచి ఎక్కడికి పోయినా లోపల అంకెలు నడుస్తనే ఉంటయి. ఫంక్షన్ హాలు ఎంత పొడుగు, బస్టాండు నుంచి మా గల్లీ ఎంత దూరం, అన్నీ అడుగుల్లోనే. ఈ లెక్కతో ఒక రోజు మా ఊరు వరంగల్‌నే కొలుస్తనని అప్పుడు అనుకోలేదు.

ప్రతి నవంబరులో 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారోత్సవాలు ఉంటయి. ఆ వారంలో వచ్చే ఆదివారం నాడు, చరిత్ర మీద ప్రేమ ఉన్న కొందరు కలిసి రోజంతా నడక పెడుతున్నరని మా బడిలో సోషల్ చెప్పే మేడమ్ చెప్పింది. పొద్దున ఖిలా అంటే కాకతీయుల కోట, మధ్యాహ్నం శివనగర్ మెట్ల బావి, సాయంత్రం హనుమకొండ. వెంటనే పేరు ఇచ్చిన. ఇంటికొచ్చి చెప్తే అమ్మ "నేనూ వస్త" అన్నది.

అమ్మకు అరవై మూడేండ్లు. మోకాళ్లు సహకరించవు. "శివనగర్ల పుట్టి పెరిగినదాన్ని. నాకు ఖిలా కొత్తగ చూపెట్టేదేముంది బిడ్డా?" అని అన్నది గాని, ఆ రోజు పొద్దుగాల నాలుగింటికే లేచి సర్వప్ప మొదలుపెట్టింది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, దంచిన ఎల్లిపాయ, కరివేపాకు, కారం కలిపి, గిన్నె లోపల చేత్తో పల్చగ ఒత్తి, నడుమ నడుమ చూపుడు వేలితో బొక్కలు పెడ్తది. ఆ బొక్కల్లో నూనె చుక్క వేస్తేనే అడుగు మాడకుండ కరకరలాడుతది. ఈ బొక్కల సంగతి సాయంత్రం మళ్లీ వస్తది.

ఆరున్నరకు కోట పడమటి దర్వాజ దగ్గర ఇరవై రెండు మందిమి చేరినం. మంచు ఇంకా విడవలేదు. మాకు దారి చూపెట్టిన పిలగాడు మధ్యకోటలోనే పుట్టినోడు. చరిత్రలో ఎం.ఏ. చేసిండు. మా అమ్మను చూడంగనే "పెద్దమ్మా, మెల్లగ నడుద్దం, తొందరేం లేదు" అన్నడు. ఆ ఒక్క మాటతో అమ్మ వాని పక్షం అయిపోయింది.

మొదలే ఒక ఆట ఆడించిండు. తను దర్వాజ పక్కన గోడ మీదికి ఎక్కి, "మీరంతా శత్రు సైన్యం. లోపలికి రండి" అన్నడు. నేను అడుగులు లెక్కపెడుతూ ముందుకు పోయిన. కొంచెం దూరంలో ఎదురుగ గోడ. పక్కకు మళ్లాలె. మళ్లంగనే చుట్టూ గోడలున్న ఖాళీ జాగ. మళ్లీ ఇంకో దర్వాజ, మళ్లీ మలుపు. రెండో మలుపు దగ్గర నా లెక్క తప్పింది. "చూసిండ్రా, ఏనుగు ఎంత బలంగ ఉరికొచ్చినా ఇక్కడ ఆగి తిరగాలె. ఆగినప్పుడు మూడు దిక్కుల నుంచి పైన మేముంటం" అన్నడు. ఆటోలో వచ్చినప్పుడు ఇదే మలుపు కాడ డ్రైవర్ హారన్ కొడ్తడు, మనం సీటు పట్టుకుంటం, అంతే. ఇన్నేండ్లలో ఎన్నిసార్లు ఆ మలుపు తిరిగిన్నో. ఇది దారి సరిగ్గ వేయక వచ్చిన వంకర అనుకున్న. నన్ను ఆపడానికే పెట్టిన వంకర అని నడిస్తేనే తెలిసింది.

గోడ రాళ్ల మధ్య సున్నం లేదు, గచ్చు లేదు. ఒకదాని మీద ఒకటి పేర్చినయే. అమ్మ ఒక అతుకు మీద గోరు పెట్టి చూసింది. గోరు దిగలేదు. ఆ పిలగాడు చెప్పిన లెక్క ప్రకారం ఈ రాతి గోడ వలయం అడ్డం సుమారు 1.2 కిలోమీటర్లు, దానికి 45 బురుజులు. నేను వెంటనే ఫోన్ తీసి గుణించిన. చుట్టుకొలత 3.8 కిలోమీటర్ల దాకా వస్తది. 45తో భాగిస్తే బురుజుకు బురుజుకు నడుమ 84 మీటర్లు. అంటే నా అడుగులు నూట ఇరవై మూడు. రెండు బురుజుల మీది మనుషులు ఒకరి ముఖం ఒకరు గుర్తుపట్టేంత దూరం. ఈ లెక్క చెప్తే ఆ పిలగాడు "అక్కా, ఇది నేను రాసుకుంట" అని చిన్న పుస్తకం తీసిండు. ఆ పుస్తకం ఆ రోజు ఇంకా చాలాసార్లు బయటికి వచ్చింది.

దాని బయట మట్టికోట, అది 2.4 కిలోమీటర్ల అడ్డం. దానికీ బయట ఇంకో మట్టి కట్ట, అది పన్నెండున్నర కిలోమీటర్లు, హనుమకొండను కూడా లోపలికి కలుపుకొని. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతి గోడను రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తి చేయించింది. గోడ లోపలి దిక్కు పొడుగునా మెట్లే. ఎక్కడ నిలబడి ఉంటే అక్కడి నుంచే గోడ మీదికి ఉరకొచ్చు. ఒక్క చోట మెట్లు పెట్టి, అక్కడికి ఉరికి, అక్కడ తొక్కిసలాట పడే పని లేదు. మా బడికి మూడంతస్తులకు ఒక్కటే మెట్ల దారి. లంచ్ బెల్లు కొట్టినప్పుడు నాకు రోజూ గుండె దడ. ఆ మెట్లు చూసినప్పుడు మొట్టమొదట యాదికొచ్చింది మా పిల్లలే.

కోట లోపల ఊరు ఉన్నదని బయటి వాళ్లకు చెప్తే నమ్మరు. పడమరకోట, మధ్యకోట, తూర్పుకోట అని వాడలు. గోడల నడుమ మడి ఉంటది, కూరగాయల చేను ఉంటది, బర్రెలు కట్టేసి ఉంటయి. ఒక ఇంటి ముందు బట్టలుతికే బండ మీద పూల తీగ చెక్కి ఉన్నది. సబ్బు నురగ ఆ తీగ గీతల్లోకి పారుతున్నది. మాలో ఒకాయన ఫోటో తీయబోతే ఆ పిలగాడు చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు సార్, అది వాళ్ల ఇల్లు" అన్నడు. నాకు ఆ మాట మస్తు నచ్చింది. ఆ ఇంటామె మాత్రం బండ మీద నీళ్లు పోసి, చేత్తో రుద్ది, "మా అత్త కాలం నుంచి ఉన్నది" అని తనంతల తనే చూపెట్టింది.

తోరణాల దగ్గర చాలాసేపు ఉన్నం.

నేను వీటిని చిన్నప్పుడు బడి టూరులో చూసిన. ఇరవై నిమిషాలు. బస్సు దిగుడు, వరుసలో నిలబడి ఫోటో, బస్సు ఎక్కుడు. తర్వాత సినిమా పోస్టర్ల మీద, బస్టాండు గోడల మీద, 2014 నుంచి రాష్ట్ర రాజముద్రలో చార్మినార్‌తో పాటు రోజూ చూస్తనే ఉన్న. రోజూ కనబడే దాన్ని మనం చూడం గదా, గుర్తుపడ్తం అంతే. ఆ పొద్దున దాని కిందికి పోయి తల ఎత్తితే అడ్డదూలాల మీద తామర మొగ్గలు, వేలాడే దండలు, తోక తీగలై పారే పక్షులు. దేవుని బొమ్మ ఒక్కటీ లేదు. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు, నడుమ అప్పట్ల స్వయంభూ శివుని గుడి. కోటకు నాలుగు దర్వాజలు, ఆ నాలుగు దార్లు వచ్చి కలిసేది ఈ నడుమకే. పట్నాన్ని ముందు వృత్తం గీసి, తర్వాత కట్టినట్టున్నరు.

ఉత్తరం తోరణం నుంచి దక్షిణం తోరణానికి పక్క బాట పట్టి నడిచిన. 214 అడుగులు. తూర్పు నుంచి పడమరకు 193. ముందు నేనే తప్పు లెక్కపెట్టిన్నేమో అనుకొని తూర్పు పడమర మళ్లీ నడిచిన. మళ్లీ 193. ఆ పిలగాడిని అడిగితే నవ్వి, "ఉత్తర దక్షిణాలు 480 ఫీట్లు, తూర్పు పడమరలు 433 ఫీట్లు అక్కా" అన్నడు. నా అడుగు 27 అంగుళాలు, అంటే రెండుంబావు ఫీట్లు. నా 214ను రెండుంబావుతో గుణిస్తే 481న్నర. 193ను గుణిస్తే 434 మీద పావు. చతురస్రం అనుకున్నది చతురస్రం కాదు, నా అడుగు కూడ నన్ను మోసం చెయ్యలేదు. బడిలో ఇన్నేండ్లు లెక్కలు చెప్పిన గాని, ఒక లెక్క ఇంత సంతోషపెట్టింది అదే.

ఆ నడుమ జాగలో ఇప్పుడు గుడి లేదు. విరిగిన స్తంభాలు, చూరు ముక్కలు, నందులు, దూలాలు వరుసలు వరుసలుగ పరిచి ఉన్నయి. ఒక స్తంభం ముక్క తలకాయ మీద చిన్న గుండ్రటి మొన ఉన్నది, పక్కనున్న దానికి అదే కొలతలో గుంట. వడ్రంగి కట్టెకు గూడు కొట్టి కూర్చినట్టే రాయిని కూర్చిండ్రు. అమ్మ ఆ గుంటలో వేలు పెట్టి తిప్పింది. లోపల రాత్రి మంచు నీళ్లు నిలిచి ఉన్నయి.

అక్కడే ఆ పిలగాడు 1323 చెప్పిండు. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటిసారి వచ్చి ఓరుగల్లును పట్టలేకపోయిండు, మళ్లీ వచ్చిండు. నెలల తరబడి ముట్టడి. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు లొంగిపోయిండు. ఢిల్లీకి తీసుకపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం పోయిందని తర్వాతి శాసనాలు చెప్తున్నయి. గుడిని కూలగొట్టి, తోరణాలను మాత్రం నిలబెట్టిండ్రు. ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టిండ్రు. చెప్తున్నంతసేపు అందరం సప్పుడు చెయ్యకుండ నిలబడ్డం. ఒక పెద్దాయన కండ్లు తుడుచుకున్నడు.

తర్వాత ఖుష్ మహల్‌కు పోయినం. తోరణానికి నాలుగడుగుల దూరం అన్నట్టు ఉంటది. లోపలికి వాలిన మందపాటి గోడలు, ఎత్తైన కమానులు, లోపల మన కాకతీయుల శిల్పాలే తెచ్చిపెట్టిండ్రు. షితాబ్ ఖాన్ కట్టించిండని పేరు. 1504లో ఆయన ఓరుగల్లును గెలిచి, పడగొట్టిన దేవతలను మళ్లీ నిలబెట్టినట్టు శాసనం వేయించిండు. పేరు చూస్తే ఖాన్, చేసిన పని ఇది. ఇంత పెద్ద కథను ఇక్కడ మాకు ఐదు నిమిషాల్లో చెప్పి ముగించిండ్రు.

అప్పుడు నేను అడిగిన, "తమ్ముడూ, 1323 తర్వాత ఏమైంది?" అని. "ముసునూరి కాపయ నాయకుడు మళ్లీ గెలిచిండు, రేచర్ల వెలమలు, బహమనీలు, కుతుబ్ షాహీలు, తర్వాత నిజాం" అన్నడు. వేళ్ల మీద లెక్కపెట్టినట్టు. ఒకే ఊపిరిలో ఏడు వందల ఏండ్లు దాటేసినం. వానిది తప్పు కాదు. మేము చదువుకున్న పాఠాలు అట్లనే ఉన్నయి, ఊర్లో బోర్డులు అట్లనే ఉన్నయి. మా ఊరి చరిత్ర అంటే కాకతీయులు, వాళ్లతో మొదలు, వాళ్లతో ఆఖరు. మరి ఆ తర్వాత ఇక్కడ పుట్టి, పనిచేసి, సచ్చిపోయిన వాళ్లంతా ఎవరు?

పన్నెండింటికి వేపచెట్టు కింద కూసుండి సర్వప్ప తిన్నం. ఆ పిలగాడు మూడు ముక్కలు తిన్నడు. మా సోషల్ మేడమ్ అప్పుడు క్రీడాభిరామం సంగతి ఎత్తింది. వినుకొండ వల్లభరాయుని పేరు మీద ఉన్న వీధి నాటకం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు తెల్లవారంగ ఓరుగల్లు వీధుల్లోకి వచ్చి, రాత్రి దాకా తిరుగుతరు. ఏకవీర, కాకతమ్మ, మైలారుదేవుని వీరులు, పల్నాటి వీరుల కథ పాడేవాళ్లు, కోడిపందెం, పొట్టేళ్ల పోరు అన్నీ చూస్తరు. పూటకూళ్లింట్లో ఒక్క రూకకు కడుపునిండ తింటరు. ప్రతాపరుద్రుని మాచల్దేవి ఇంటి చిత్రశాల కూడ అందులో ఉంటది. డిగ్రీలో తెలుగు పరీక్షకు దీన్ని రెండు మార్కుల ప్రశ్నగ చదివిన, అప్పుడేం తలకెక్కలేదు. ఇప్పుడు నేలమీద కూసుండి వింటుంటే మాత్రం ఒళ్లు జలదరించింది. ఓరుగల్లును ఒక్క రోజులో నడిచి చూసే పని మాకంటె ఎన్ని వందల ఏండ్ల ముందే చేసిండ్రు! అదీ గాక, ఆ నాటకం పుట్టేనాటికి ప్రతాపరుద్రుడు లేడు, ఆ రాజ్యం లేదు. కూలిపోయిన ఊర్లో ఇద్దరు దోస్తులను నడిపించి, కోళ్లను కొట్లాడించి, అన్నం పెట్టిచ్చిండు ఆ కవి. రాజు యుద్ధాల కంటె ఆయనకు పూటకూళ్లింటి ధర ముఖ్యమైంది. నాకు అదే కావాలె అనిపించింది. మా ఊర్లో నిన్న ఒక రూకకు ఏమొచ్చేదో చెప్పే మనిషి కావాలె.

ఆ మనిషి నా పక్కనే మూత పెట్టిన గిన్నె ఒళ్లో పెట్టుకొని కూసున్నదని మెట్ల బావి కాడ తెలిసింది.

శివనగర్ మెట్ల బావిని ఇప్పుడు బాగుచేసిండ్రు. నేను చిన్నప్పుడు అమ్మమ్మ ఇంటికి పోతే దాని దిక్కు పోనిచ్చేటోళ్లు కాదు, చెత్త, ముండ్లు. ఇప్పుడు పైనుంచి చూస్తే నేలలోకి దిగుతున్న మెట్లు, చుట్టూ చెక్కిన స్తంభాల మీద అంతస్తులు, కిందికి పోయిన కొద్దీ చల్లదనం. మండువేసవిలో కూడ లోపల ఫ్యాన్ అక్కర ఉండదని అర్థమైతది. ఆ పిలగాడు కాకతీయుల నీళ్ల ఏర్పాటు గురించి చెప్తున్నడు. రాణులు స్నానానికి వచ్చేటోళ్లని, కోటకు సొరంగం ఉన్నదని జనం చెప్పుకుంటరు, అది జనం మాట, అని స్పష్టంగ విడదీసి చెప్పిండు. అది నాకు నచ్చింది.

అమ్మ దిగలేదు. పై మెట్టు మీద కూసున్నది. "రాణులు వచ్చిండ్రో లేదో గాని, మా వాడల ఆడోళ్లు ఇక్కడికే వచ్చేటోళ్లు" అని మొదలుపెట్టింది. ఏ మూల బిందెలు దించేటోళ్లో, ఏ స్తంభానికి తాడు రాకిడి గీతలు ఉండాలెనో, ఎండకాలం ఎన్ని మెట్లు బయటపడితే ఇంక నీళ్లు తక్కువైనయని లెక్కనో చెప్పింది. ఎనిమిదో మెట్టు కనబడితే అమ్మమ్మ బట్టలు ఇంటికాడ ఉతుకుడు బంద్ చేసేదట. ఆ పిలగాడు గబగబ పైకొచ్చి పుస్తకం తీసిండు. "పెద్దమ్మా, తాడు గీతలు ఏ స్తంభానికి?" అని అడిగి, అమ్మ చూపెట్టిన దిక్కు పోయి, స్తంభం అంచు మీద వేలితో తడిమిండు. నేనూ పోయి తడిమిన. ఉన్నయి. నున్నగ, వేలు సరిగ్గ పట్టేంత లోతు. ఒకటి కాదు, పక్కపక్కన నాలుగు. చెక్కినోడు చెక్కని గీతలు అవి, నీళ్లు చేదిన చేతులు పెట్టినయి.

అక్కడి నుంచి మాటలు మా తాత మీదికి పోయినయి. తాత ఆజంజాహీ మిల్లులో పనిచేసిండు. 1934లో పెట్టిన బట్టల మిల్లు, ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జా పేరు మీద. వరంగల్లో సగం ఇండ్ల కథ ఆ మిల్లు గేటు కాడికే చేరుతది. పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ మగ్గాలు నడిపిన కుటుంబాలు. అమ్మ పదేండ్ల పిల్లగ ఉన్నప్పుడు రోజూ తాతకు సద్ది పట్టుకొని రైలు పట్టాల కింది నుంచి నడిచిపోయేది. మిల్లు మూతపడ్డది, జాగ ప్లాట్లయింది. 1886 నాటి పాత జైలు కూడ 2021లో కూలింది, దాని జాగలో దవాఖాన లేస్తున్నది. ఆ జైల్లో ఖైదీలు నేసిన జంపఖానలకు ఎంత పేరుండేదో మా అమ్మ తరం చెప్తది. కొత్తవాడలో నేతన్నలు ఇంకా నేస్తున్నరు, 2018లో వరంగల్ జంపఖానకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. మా ఇంట్లో ఇప్పటికీ ఒక కొత్తవాడ జంపఖాన ఉన్నది, ఎర్రది, నీలి పట్టీలది. అమ్మ పెండ్లికి కొన్నరట.

దవాఖాన వద్దని నేను అనను. మా నాయిన ఆఖరి రోజుల్లో పెద్ద వైద్యానికి హైదరాబాద్ దాకా అంబులెన్సులో తీసుకపోయిన మనిషిని నేను. కాని నడక పెట్టేటప్పుడు మిల్లు గేటు ఉండిన జాగ కాడ కూడ రెండు నిమిషాలు నిలబడాలె. కొత్తవాడలో ఒక మగ్గం కాడ కూసోవాలె. తోరణం ఎంత మనదో, అది కూడ అంతే మనది. ఈ మాట ఆ పిలగాడికి గట్టిగనే చెప్పిన. వాడు తల ఊపి, "మా తాత కూడ మిల్లేనక్కా" అన్నడు. పొద్దటి నుంచి ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే, "అది చరిత్ర అని ఎవరూ అనలేదు గద" అన్నడు.

హనుమకొండలో సాయంత్రం ఇంకొకరు చూపెట్టిండ్రు. రిటైరైన తెలుగు సార్, తెల్ల లాల్చీ, చేతిలో కర్ర. వేయిస్తంభాల గుడి. అది కార్తీకం గనక లోపల కాలు పెట్టే సందు లేదు, ఎటు చూసినా ఉసిరికాయ దీపాలు, నెయ్యి వాసన. సార్ గొంతు పెంచి చెప్పిండు: రుద్రదేవుడు కట్టించిన గుడి, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కలిపి, అందుకే త్రికూటాలయం. శాసనం తేదీ 1163 జనవరి 19. చాళుక్యుల చేతికింద ఉన్నన్ని రోజులు ఉండి, ఇంక మేము మాకే రాజులం అని రాయి మీద చెప్పుకున్న రోజుల్లోది. ముందున్న కల్యాణమంటపాన్ని 2006లో విప్పేసి, ఒక్కో రాయికి నంబరు వేసి పెట్టి, మళ్లీ కూర్చి 2024 మార్చి 8న, శివరాత్రి నాడు తెరిచిండ్రు. నేను డిగ్రీ చదివేటప్పుడు విప్పిన మంటపం అది. ఇన్నేండ్లు ఆ రాళ్లు నంబర్లతో పడి ఉండుడు చూసి, ఇంక లేస్తదా అనుకున్న. లేచి నిలబడ్డదాని కింద నిలబడితే గొంతు పట్టేసింది.

సార్ ఒక స్తంభం మీది నగల చెక్కడం దగ్గరికి తీసుకపోయిండు. ముత్యాల వరుస అనుకోండి. ఒక్కో ముత్యం వెనక సన్నటి బొక్క. ఆయన జేబులో నుంచి దారం తీసి, మొన తడిపి, ఇటు పెట్టి అటు లాగిండు. రాయిలో నుంచి దారం వచ్చింది. మా అమ్మ చీర కొంగు నుంచి ఒక పోగు గుంజి, తనూ ప్రయత్నించింది. మూడోసారికి దూరింది. ఇంతసేపు ఏ శిల్పం గురించీ ఒక్క మాట అనని అమ్మ, "చెయ్యి వణకకుండ ఎంతసేపు పట్టుకొని ఉంటడు బిడ్డా వాడు?" అన్నది. నలభై ఏండ్లు రోజూ పిండి మీద వేలితో బొక్కలు పెట్టిన చెయ్యి అడిగిన ప్రశ్న అది. సార్ దగ్గర దానికి జవాబు లేదు. ఆయనే మళ్లీ ఆ బొక్క దిక్కు చూసిండు.

స్తంభాలు లెక్కపెట్టుడు మొదలుపెట్టిన. నూట అరవై రెండు కాడ దీపాల గుంపు అడ్డమొచ్చి ఆపిన. మళ్లీ పోవాలె.

పద్మాక్షి గుట్టకు పోయేటప్పటికి చీకటి. అమ్మ ఎక్కలేదు, కింద గుండం ఒడ్డున కూసున్నది. నేను గబగబ ఎక్కి 1117 నాటి శాసన స్తంభం చూసి దిగిన. కాకతి రెండో ప్రోలుని మంత్రి బేతన భార్య మైలమ కడలాలయ బసదికి, అంటే జైనుల గుడికి, వేయించిన శాసనం. జైనుల గుట్ట మీద ఇప్పుడు అమ్మవారు, కింద సద్దుల బతుకమ్మ నాడు ఇసుకేస్తే రాలనంత జనం. మైలమ అనే పేరు మాత్రం నోట్లో ఉండిపోయింది. తొమ్మిది వందల ఏండ్లు దాటినా మా వాడలో పిలిచినట్టే ఉన్నది.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. నా ఫోన్ ఇరవై మూడు వేల అడుగులు అన్నది. అమ్మ మోకాళ్లకు నువ్వుల నూనె వేడిచేసి రాసిన. కండ్లు మూసుకొని ఉన్నది, పడుకున్నదనుకున్న. "ఆ పిలగానికి ఒకటి చెప్పుడు మరిచిన" అన్నది. ఏందని అడిగితే, "మెట్ల బాయి కాడ కూసుంటె, రైలు పోయేటప్పుడు లోపల నీళ్లు వణికేటియి. సన్నగ గుండ్రాలు గుండ్రాలుగ. మేమందరం అది చూసి, బిందెలెత్తుకొని లేచేటోళ్లం. అదే మాకు గడియారం" అన్నది.

పొద్దున బడికి పోయే ముందే ఫోన్ చేసి చెప్పిన. అటు దిక్కు కొంచెంసేపు సప్పుడు లేదు. పేజీ తిప్పుతున్న సప్పుడు వినబడ్డది. "ఏ రైలు అక్కా?" అని అడిగిండు.

నాకు తెల్వదు. వంటింట్లో నుంచి అమ్మ కేకేసి చెప్పింది, "జీటీ అని రాసుకొమ్మను."